వాత్సల్యమునకు గాలము

ఇంద్రియలౌల్యము వలని చేటును బోధింపవలసి వచ్చినప్పుడు మన పెద్దలు ఐదు ప్రాణులను సాక్ష్యమునకు పిలుచుట వాడుక. లేడి పాటకు లొంగి చచ్చును. ఏనుగు స్పర్శకు లొంగి గోతిలో పడును. మిడుత రూపమును చూచి దీపములో మాడును. తుమ్మెద వాసనకై పోయి నశించును. చేప రుచికై గాలమును మ్రింగును. ఈ దృష్టాంతమును బడిలో చెప్పని సంస్కృతోపాధ్యాయుడు లేడు. భాగవతమున అవధూత తన యిరువదినలుగురు గురువులలో చేపను చేర్చుకొన్నదియు ఈ కారణముననే. తక్కిన ఇంద్రియములనెల్ల గెలిచినను నాలుకను గెలువనివాడు గెలిచినవాడు కాడని ఆ చేప వలన అతడు నేర్చుకొన్నాడు.

దృష్టాంతము తప్పని నేననను. అయితే దీనియందొక సౌకర్యము దాగియున్నది. చచ్చినది చేపయే, తప్పును చేపదే. ఒడ్డున నిలిచి గాలము వేసిన వానిని ఎవ్వరును ప్రశ్నింపరు. చేప దురాశాపరురాలని నిశ్చయమైన పిదప వేసినవాడు కేవలము నిమిత్తమాత్రుడగును. ఈ సౌకర్యము చెల్లని చోటొకటి, కాలమొకటి కలవు. వానిని గూర్చి విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఉత్తర అమెరికా ఖండమున లోతు తక్కువై, వేసవి ముందే వెచ్చబడు మంచినీటి సరస్సులు వేలకొలదిగా నున్నవి. కెనడా దేశపు అంటారియో రాష్ట్రములోని ఒపినికన్ సరస్సు అట్టిది. అమెరికా దక్షిణపు కొసను, ఫ్లోరిడాలో నున్న ఓకీచోబీ సరస్సును అట్టిదే. అది 700 చదరపు మైళ్లకు మించిన విస్తీర్ణము గలదయ్యు, సగటున 9 అడుగుల లోతు మాత్రమే గలది. ఈ నీళ్లలో లార్జ్‌మౌత్ బాస్ అను చేప పెరుగును. నోరు పెద్దది గనుక దానికా పేరు. దానితోపాటు బ్లూగిల్ మొదలగు చిన్నచేపలు గుంపులుగా నుండును. పెనములో ఒక్కటిగా ఇముడునవి గనుక వీనిని అక్కడివారు పాన్‌ఫిష్ అందురు.

చలి వెనుకబట్టి ఎండ సోకగానే ఒడ్డునీరు ముందుగా వెచ్చబడును. ఫ్లోరిడాలో ఇది చలికాలపు చివరనే మొదలగును. ఒపినికన్‌లో మే, జూను మాసముల వఱకు ఆగును. నీటి వేడిమి 60 ఫారెన్‌హీటు డిగ్రీలు దాటిన పిమ్మట మగబాస్ ఒడ్డునకు వచ్చి, అడుగుననున్న బురదను, చెత్తను తోకతో ఊడ్చివైచి, గట్టినేల కనబడునట్లు పళ్లెమువంటి గుంట చేయును. ఆడచేప వచ్చి వేలకొలది గ్రుడ్లు పెట్టి తన దారిని తాను పోవును. అంతటినుండి ఆ గూటికి తండ్రియే కాపరి. రెక్కలతో నీటిని వీచుచు గ్రుడ్లకు ప్రాణవాయువు అందించును. దరికి వచ్చిన ప్రతి ప్రాణిని తఱుమును. గ్రుడ్లు కొలదిదినములలో పిల్లలగును. ఆ పిల్లలు ఈదనేర్చి గుంపుగా తిరుగ మొదలిడిన పిదపను కొన్నివారములు తండ్రి వానిని విడువదు. ఆ దినములలో తన ఆహారమునకై వేటాడుట దాదాపు మానివేయును. పగలును రాత్రియు అదే కావలి.

ఇప్పుడు వినోదమునకై గాలము వేయువారి పద్ధతిని చూడుడు. నీటిపై తళుకును అణచు కండ్లద్దములు పెట్టుకొని పడవపై నిలిచినచో, నల్లని అడుగున తెల్లని పళ్లెములవలె ఆ గూళ్లు కనబడును. నీటిబల్లినో, రొయ్యనో పోలిన మెత్తని ప్లాస్టిక్ బొమ్మను గాలమునకు తగిలించి గూటి నడుమ జాఱవిడుతురు. బొమ్మలను ఆ రూపమున చేయుటకు కారణము కలదు. అట్టి ప్రాణులు గ్రుడ్లను తినునవి. తండ్రిచేప దానిని మొదట మూతితో పొడిచి బెదరించును. అది కదలకున్నచో నోట కఱచుకొని వెలుపల పాఱవేయబోవును. ఆ క్షణముననే కఱ్ఱను లాగుదురు.

ఇక్కడ రుచి యెక్కడిది? నాలుక చాపల్యమెక్కడిది? ఆ చేప నోరు తెఱచినది తినుటకు కాదు. తన సంతానమును తినవచ్చిన దానిని తొలగించుటకు. అవధూత చూచిన చేపను పట్టించినది దాని దోషము. ఈ చేపను పట్టించుచున్నది దాని గుణము.

గాలము వేయువారందఱును క్రూరులనుట అన్యాయము. ఇంగ్లీషు చదివినవారు ఐజాక్ వాల్టన్ 1653 లో ప్రకటించిన గాలపుగ్రంథమును ఎఱుగుదురు. శాంతిని కోరువాని పుస్తకమది. అమెరికాలో 1939 నాటికే లీ వుల్ఫ్ అను నాయన, మంచి వేటచేపను ఒక్కసారి పట్టి అంతటితో ముగించుట దుర్వ్యయమనియు, విడిచిపెట్టి మఱల పట్టవచ్చుననియు తన గ్రంథమున బోధించెను. బాస్ పందెములు నడపిన రే స్కాట్ 1972 లో, పట్టిన చేపను చంపకుడను ఉద్యమమును లేవదీసి, పోటీపడవలలో గాలి ఆడు నీటితొట్టెలు పెట్టించెను. వారి కృషి వలన నేడు అక్కడ పట్టుబడిన బాస్‌ను మఱల నీట విడుచుటయే మర్యాద యైనది. ఇది మెచ్చదగిన సంస్కారము. కాని ప్రతి సంస్కారమునకును ఒక అపాయము కలదు. ఒక పాపమును మాన్పించిన వెంటనే, ఇక పాపమే మిగులలేదను నిశ్చింతను అది కలిగించును.

"విడిచిపెట్టితిని గదా! నేను చేసిన హాని యేమి?" అని వసంతమున గాలము వేయువాడు అడుగును. దీనికి ప్రత్యుత్తరము ధర్మశాస్త్రము కంటె ముందుగా నీళ్లలోనే దొరకినది. ఒపినికన్ ఒడ్డున క్వీన్స్ విశ్వవిద్యాలయము వారి జీవశాస్త్రకేంద్రము కలదు. ఈ చేపల సంసారమును గూర్చి లోకమునకు తెలిసిన దానిలో చాలభాగము అక్కడ తెలిసినదే. అంటారియో నీళ్లలో బాస్ గూళ్లను పరిశీలించి డేవిడ్ ఫిలిప్ మొదలగు శాస్త్రజ్ఞులు 1997 లో ప్రకటించిన ఫలితములు ఇవి. తండ్రిని పైకి లాగిన కొలదిసేపటిలోనే బ్లూగిల్ మొదలగు చేపలు గూటిలో దూఱి గ్రుడ్లను, పిల్లలను తినును. తండ్రిని ఎంతసేపు దూరముగా నుంచిన నష్టమంత అధికము. తిరిగి వచ్చిన తండ్రియు పెనుగులాటచే అలసి మునుపటివలె కాపుండలేదు. సంతానములో చాలభాగము పోయినదని కనుగొన్న తండ్రి పలుమాఱు గూటినే విడిచిపోవును. పందెములలోనైతే చేపను గంటలకొలది తొట్టెలో నుంచి, తూచుచోటికి కొనిపోయి, గూటికి దూరమున విడుచుటయు కలదు. చేప బ్రదికియే యున్నది. చచ్చినది దాని యిల్లు. వేసినవాని కంటికి మాత్రము ఆ చావు కనబడదు. అతడు చిఱునవ్వుతో ఛాయాచిత్రము తీయించుకొని, చేపను మెల్లగా నీట విడిచి, దయ చేసితినను తృప్తితో ఇంటికి పోవును.

గ్రుడ్లు తిన్న బ్లూగిల్‌ను నిందింప పనిలేదు. నీరు మఱికొంత వెచ్చబడగానే ఆ జాతి మగచేపలును తేనెపట్టు గదులవలె ప్రక్కప్రక్కన గుంటలు చేసికొని, తమ గ్రుడ్లకు తాము కాపుండును. ఆకలిగొన్న ప్రాణి ఆకలిగొన్న ప్రాణివలె నడచినది. ప్రశ్న ఆకలి లేనివానిని గూర్చియే.

ఇంతకంటె ఆలోచింపదగిన విషయమొకటి ఇల్లినాయి రాష్ట్రములోని రిడ్జ్ సరస్సున తెలియవచ్చినది. 1970ల నాటినుండి అక్కడ పట్టుబడిన బాస్‌లను గుర్తించి, తఱచుగా గాలమునకు తగులువానిని ఒక వంశముగాను, తగులనివానిని మఱియొక వంశముగాను పెంచిరి. తగులు స్వభావము తండ్రినుండి బిడ్డకు సంక్రమించునని 2009 లో ప్రకటించిరి. ఆ వంశములనే 2012 లో మఱల పరిశీలింపగా, గాలమునకు సులభముగా తగులు మగచేపలే సంతానమును ఎక్కువ శ్రద్ధతో కాచునవనియు, వచ్చినదానిపై ఎక్కువ పౌరుషముతో దూకునవనియు, గాలము లేని నీటిలో అట్టివే ఎక్కువ సంతానమును వృద్ధిచేయునవనియు తేలినది. అనగా గూటిపై వేసిన గాలము చేపలలో బుద్ధిహీనుని ఏఱుట లేదు. ఉత్తముడైన తండ్రిని ఏఱుచున్నది. ఉదాసీనుడు తప్పించుకొనును. కావలి కాచువాడు చిక్కును.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. జీవహింస కూడదను వ్రతము గలవానికి ఇందు విచారింపవలసినది లేదు. కాని మనలో చాలమంది మాంసము తినువారే. నేనీ వ్యాసమును శాకాహారబోధకై వ్రాయుట లేదు. చేపను పట్టుట, తినుట ధర్మ్యమే యని ఒప్పుకొన్నవానికి కూడ, పట్టరాని సమయము, పట్టరాని విధము కలవా? ఇదియే ప్రశ్న.

మహాభారతము ఆదిపర్వమున దీనికొక జవాబు కలదు. పాండురాజు వనమున జతగూడియున్న లేళ్లను బాణములతో కొట్టెను. ఆ మగలేడి కిందముడను ముని. నేలకొఱిగి అతడు రాజును నిందింపగా, మృగయ రాజులకు విహితమేయని పాండురాజు సమర్థించుకొనెను. ఆ సమర్థనమును ముని త్రోసివేయలేదు. నీవు లేళ్లను చంపుటను నేను తప్పుపట్టను. మా సంగమము ముగియునంతవఱకు దయతో ఆగవలసియుండెను గదా యని అతడు చెప్పిన దాని సారము. ఇది చాల సూక్ష్మమైన తీర్పు. చంపు హక్కును ఒప్పుకొనియే, ఆగవలసిన బాధ్యతను అడిగినది. క్రౌంచమిథునములో ఒకదానిని కోల్పోయిన రెండవదాని యేడ్పు వాల్మీకిని కదల్చినదియు అట్టి సమయముననే. వేట గలదన్న లోకముననే మన కవులు ఈ గీత గీచిరి: ప్రాణి తనకై బ్రదుకునప్పుడు ఒక మాట, మఱియొక ప్రాణికై తన్ను మఱచియున్నప్పుడు ఒక మాట.

రాజ్యశాసనములును ఈ గీతను ఎఱుగనివి కావు. అశోకచక్రవర్తి పట్టాభిషిక్తుడైన 26 ఏండ్లకు వ్రాయించిన ఐదవ స్తంభశాసనమున, చూలుతో నున్నవియు పాలిచ్చునవియునగు మేకలను, గొఱ్ఱెలను, పందులను చంపరాదని కలదు. నియమితదినములలో చేపలను చంపరాదు, అమ్మరాదనియు కలదు. నేడు అంటారియోలో పలుచోట్ల బాస్ గూళ్లు కట్టు వసంతదినములలో దానిని పట్టుటకు అనుజ్ఞ లేదు. ఫ్లోరిడాలో అట్టి నిషిద్ధకాలము లేదు; ఇంటికి కొనిపోదగిన చేపల సంఖ్యకును పొడవునకును మాత్రము మితి గలదు. స్విట్జర్లాండువారు మఱియొక దారి త్రొక్కిరి. వారి 2008 నాటి జంతుసంరక్షణ నియమావళి, మఱల విడుచు నుద్దేశముతోనే గాలము వేయుటను నిషేధించినది. తినుటకైన పట్టుము, ఆటకై నొప్పింపకుము అని దాని తాత్పర్యము. ఒక దేశమున దయ యనిపించుకొన్నది మఱియొక దేశమున నేరమైనది. కావున చట్టమును చూచి నిశ్చింతగా నుండుట చాలదు. మనస్సును అడుగక తీఱదు.

ప్రతివాదులు చెప్పునవి మూడు. మొదటిది: ఒక్కొక గూటిలో గ్రుడ్లు వేలకొలది, ఎట్లును వానిలో పెరుగునవి కొలదియే, నిషేధము లేని సరస్సులలోను బాస్‌లు పుష్కలముగా నున్నవి గదా యని. చాల సరస్సులయెడ ఇది నిజమే. కాని ఇది లెక్కకు జవాబు, ధర్మమునకు కాదు. ఊరిలో జనసంఖ్య తగ్గలేదు గనుక ఒక యింటిని కూల్చినవాడు నిర్దోషియనుట యెట్లు?

రెండవది: చేపకు వాత్సల్యమేమి? అది కేవలము ప్రకృతిప్రేరణ. మన మమకారమును దానికి అంటగట్టరాదని. 2003 లో లిన్ స్నెడన్ మొదలగువారు ట్రౌట్ చేప తలయందు గాయమును గ్రహించు నాడులున్నట్లు చూపిరి. అది మనకువలె బాధయగునా యను వాదము శాస్త్రజ్ఞులలో ఇంకను ముగియలేదు. వాత్సల్యవిషయమునను నేను వాదమునకు దిగను. తిండి మాని, శరీరమును కరగించుకొని, తనకంటె పెద్దవానిపై దూకి సంతానమును కాచు ప్రవృత్తిని వాత్సల్యమని పిలువ నిష్టపడనివారు వేఱొక పేరు పెట్టుకొందురు గాక. పేరు మార్చినందున గాలము వేసినవాడు దేనిని పట్టుకొమ్ముగా చేసికొన్నాడో అది మాఱదు.

మూడవది: ఆకలితో, యుద్ధముతో మనుష్యులు చచ్చుచుండగా చేపగూటిని గూర్చి వ్యాసమా యని. ఇందుకు నా ప్రత్యుత్తరము చేపను విడిచి మనుష్యునివైపే తిరుగును. ప్రాణియొక్క దురాశను పట్టుకొమ్ముగా చేసికొని గెలుచుట ఒకటి. దాని ప్రేమను పట్టుకొమ్ముగా చేసికొని గెలుచుట వేఱొకటి. ఈ భేదమును నీటియొడ్డున మఱచినవాడు వీధిలో జ్ఞప్తియందుంచుకొనునను నమ్మకము లేదు.

మన యిండ్లను చూడుడు. రెండింతలు చేసి యిత్తునన్నవానికి ధనమిచ్చి మోసపోయినవానిని చూచి లోకము నవ్వును. వానికొక పాఠము వచ్చెనని తృప్తిపడును. కాని జ్వరపడిన బిడ్డ తల్లికి అక్కఱలేని ఔషధములు అమ్మినవాడు ఆమె దురాశను పట్టుకొనలేదు. ఈ పరీక్ష పోయిన నీ కుమారుని బ్రదుకు పోయినదని బెదరించి తండ్రి చేత అప్పు చేయించు విద్యావర్తకుడును అంతే. అన్నిటికి మించి, కూతురు అత్తవారింట సుఖపడవలెనను కోరికనే ఎఱగా వేసి కట్నము గుంజువారు కలరు. వరకట్నమును నిషేధించు చట్టము 1961 లోనే వచ్చినది. గాలము మాత్రము ఇంకను నీటిలోనే యున్నది. ఆ గాలమునకు తగులువాడెవ్వడు? కూతురి యెడ ఉదాసీనుడైన తండ్రి తగులడు. ఎవనికి బిడ్డ ప్రాణమో, అతడే పొలమమ్మును. గుణమునకు దండన పడు చోట, కాలక్రమమున గుణమే సన్నగిల్లును. ఆడపిల్ల పుట్టిననాడే గుండె బరువెక్కు తండ్రులు ఎట్లు తయారైరో ఆలోచించిన, రిడ్జ్ సరస్సు మనకు దూరముగా నున్నదని తోచదు.

మన చెఱువులలోను ఇట్టి గృహస్థు కలదు. తెలంగాణమునకు రాష్ట్రమత్స్యమైన కొర్రమీను నాచును తొలగించి చోటుచేసికొని గ్రుడ్లు పెట్టును. ఎఱ్ఱని పిల్లలు బంతివలె గుమికూడి తిరుగుచుండగా తల్లిదండ్రులు వాని క్రిందనే కాపుండును. ఆ ఎఱ్ఱని గుంపును జాడగా గొని పెద్దచేపను పట్టుట మన దక్షిణదేశమున తెలియని పని కాదు. కావున ఈ ప్రశ్న పరదేశపుది మాత్రమే యని త్రోసివేయుటకు వీలులేదు.

ఆగుట యనునది అసాధ్యమైన వ్రతమును కాదు. ఆంధ్రతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూను 14 వఱకు 61 దినములు మరపడవలు సముద్రపువేటకు పోరాదను కట్టుబాటు కలదు. చేపలు సంతానమును వృద్ధిచేసికొను కాలమని దాని హేతువు. ఆ దినములలో పస్తులకు దగ్గఱగా బ్రదుకు కుటుంబములు తీరమున ఎన్నియో కలవు. తిండికై వేటాడు బీదవాడు రెండునెలలు ఆగుచుండగా, ఆటకై వేటాడు సంపన్నుడు కొన్నివారములు ఆగలేడా? అతడు గాలమునే పాఱవేయ పనిలేదు. గూళ్లున్న ఒడ్డును విడిచి వేఱొకచోట వేయవచ్చును; పిల్లలు చెదరిపోయిన పిదప అక్కడికే రావచ్చును. తిన దలచినవాడు మితముగా పట్టి తినవచ్చును.

అమెరికాలో కాపురమున్న మన తెలుగు కుటుంబములలో పిల్లలు వసంతమున తండ్రులతో సరస్సులకు పోవుచుందురు. ఆ తండ్రులకు నా మనవి యొక్కటే. ఒడ్డునీటిలో తెల్లని పళ్లెమువంటి గుంట, దానిపై కదలక నిలిచిన చేప కనబడినచో, కఱ్ఱను ప్రక్కన పెట్టి బిడ్డకు దానిని చూపుడు. ఆ చేప అక్కడ ఏమి చేయుచున్నదో చెప్పుడు. బ్లూగిల్ దరికి వచ్చినప్పుడు అది ఎట్లు దూకునో, తఱిమి ఎంత త్వరగా తిరిగివచ్చునో అరగంటసేపు చూడనిండు. మఱునాడు వేఱొక ఒడ్డున గాలము వేయవచ్చును.